విన్నది విన్నట్టు

గార్డెన్ రీచ్, కోల్‌కతా
2025 ఫిబ్రవరి 9, ఆదివారం

గురువులు మావయ్యకు,
అరుణ నమస్కారాలు.

పోయినసారి నా ఉత్తరంలో మీరు ఎర్ర సిరాతో దిద్దినవి నాలుగే తప్పులు. ఈ పద్నాలుగేళ్ళలో ఇదే తక్కువ. కాన్వెంటులో నాకు తెలుగు లేదు. ఫోన్‌లో మీకు వినబడదు. ఈ రెండూ కలిసే నాకు తెలుగు నేర్పాయంటుంది అమ్మ.

ఒక మంచి సంగతి. ఆఫీసులో నాకు కొత్త పని ఇచ్చారు.

మా పని ఏమిటో మీకు ఎప్పుడూ సరిగ్గా రాయలేదు. విదేశంలో ఒక రేవు ఉంది. అక్కడ ఓడల నుంచి దిగే కంటైనర్లు ఏది ఎక్కడ పెట్టాలో ఒక పాత ప్రోగ్రాము చెబుతుంది. అది మొరాయించినప్పుడల్లా ఇక్కడ సాల్ట్ లేక్‌లో కూర్చున్న మేము పద్నాలుగు మందిమి బాగుచేస్తాం. రేవులో నాన్న పని తీసేసిన ఈ కంటైనర్ పెట్టెలే నాకు అన్నం పెడుతున్నాయని యోగేశ్ దాదా ఏడిపిస్తాడు. యోగేశ్ అంటే మన డాక్ కూలీల ఇళ్ళలో వెనక లైన్లో ఉండే సింహాచలమ్మ అత్త కొడుకు. ఎంసీఏ చదివి నాకంటే నాలుగేళ్ళ ముందు చేరాడు. నా దరఖాస్తు తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. ఇంటర్వ్యూలో నేను నోరు విప్పకపోతే, బయట నిలబడ్డవాడు తలుపు తీసి, “మాట్లాడదు సర్, రాయమనండి” అన్నాడు. రాయమన్నారు. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు ఆ ప్రోగ్రాము బాగుచేయడం ఏఐకి నేర్పుతారట. మావాళ్ళకు తెలిసింది ఏ పుస్తకంలోనూ లేదు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఏ తప్పు వస్తే ముందు ఏం చూస్తారో, తర్వాత ఏం చేస్తారో అడిగి రాయాలి. మా మేనేజరు సునీల్‌కుమార్ గారిది వరంగల్. “నువ్వు మాట్లాడవు. మంచిగ వింటవు, మంచిగ రాస్తవు. ఇది నీ పనే” అన్నారు.

మీ పద్ధతే పెట్టాను మావయ్యా. మీరు ఊరెళ్ళిపోయాక లైన్లో ఉత్తరాలు రాసేవాళ్ళు లేకపోతే, పదేళ్ళప్పుడు ఉత్తరంలోనే ఆ పని నాకు అప్పజెప్పారు కదా. చెప్పింది చెప్పినట్టు రాయాలి, ఏదీ వదలకూడదు, చివర చదివి వినిపించాలి, వాళ్ళు “ఔను” అంటేనే వేలిముద్ర వేయించాలి. మన లైన్లో అప్పలకొండమ్మ ఇంట్లో రెండు ఫోన్లున్నా ఇప్పటికీ వేలిముద్ర వేసిన ఉత్తరమే కావాలంటుంది. ఫోన్‌లో మాట నిలవదట. ఆఫీసులోనూ అలాగే రాస్తున్నాను. చదివి వినిపిస్తున్నాను. ఔనంటే సంతకం తీసుకుంటున్నాను.

నలుగురిలో మాట్లాడలేకపోవడం వల్ల నాకు మంచి జరగడం ఇదే మొదటిసారి.

అమ్మ మిమ్మల్ని అడిగానని రాయమంది. నాన్న ఎప్పటిలాగే మీ ఊసెత్తలేదు. ఉత్తరం రాస్తుంటే మాత్రం పక్కనే కూర్చున్నాడు.

అరుణ


కళింగపట్నం
2025 ఫిబ్రవరి 21

పాపా అరుణకు,
గురువులు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈసారి తప్పులు రెండే. దిద్ది దీనితో పంపుతున్నాను.

నీ కొత్త పని గురించి కొన్ని అడుగుతాను. జవాబు రాయి.

నువ్వు రాసిన కాగితాలు చివరికి ఎవరి చేతికి వెళ్తాయి? ఎవరు ఏం చెప్పారన్నది వాళ్ళ పేర్లతో రాస్తున్నావా? ఏఐ అంతా నేర్చుకున్నాక ఆ పద్నాలుగు మందీ ఏం చేస్తారని ఎవరినైనా అడిగావా?

పేర్లు రాయకుండా కుదిరితే రాయకు. కుదరకపోతే నెమ్మదిగా రాయి. నీకు నెమ్మది కొత్త కాదు.

ఇక్కడ సముద్రం బాగానే ఉంది. నా చెవులు అలాగే ఉన్నాయి.

మీ నాన్న పక్కన కూర్చున్నాడని రాశావు. ఏమైనా అన్నాడా?

గురువులు


గార్డెన్ రీచ్
2025 మార్చి 16, ఆదివారం

మావయ్యకు,

మీరు ఎప్పుడూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. నాన్న ఏమీ అనలేదు.

కాగితాలు సునీల్ గారికి వెళ్తాయి. ఆయన పైకి పంపుతారు. పేర్లు రాయాల్సిందే. తర్వాత వీళ్ళంతా ఏం చేస్తారని నేను అడగలేదు, మాతో పనిచేసే దేబు దాదా అడిగాడు. ఇంకా పెద్ద పనులు వస్తాయన్నారు.

చదివి వినిపిస్తుంటే మొదట్లో అందరూ నవ్వారు. “ఆరే బాబా, ఇదేమన్నా పోలీసు స్టేట్‌మెంటా?” అన్నాడు దేబు దాదా. తర్వాత వాళ్ళకే నచ్చింది. తాము రోజూ చేసేది ఇంకొకరి నోట వింటే తమకు ఇంత తెలుసా అని వాళ్ళకే ఆశ్చర్యం. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మిత్రా గారు నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక నాకు సందేశ్ మిఠాయి తెచ్చిపెట్టారు.

యోగేశ్ దాదాది నాలుగు రోజులు పట్టింది.

“ఏటే, నా బుర్ర తీసి సీసాలో ఎట్టీసి మూత బిగించీస్తావా?”

“సగమే తీస్తాను.”

“సగమంటే ఏ సగం? బుద్ధున్న సగం తీసుకుపోయి, మా అమ్మకి సమాధానం సెప్పీ సగం ఉంచు.”

ఆఫీసులో నేను మాటకు మాట అనేది అతనితోనే. మిగతావాళ్ళు తిరిగి చూశారు.

అతను చెప్పిందంతా చదివి వినిపించాను. సంతకం పెట్టాడు. తర్వాత సునీల్ గారు ఒకచోట ఖాళీ ఉందన్నారు. అది నేనే పూర్తిచేశాను. దాని గురించి ఇంకేమీ లేదు.

మొత్తం పద్నాలుగు మందివీ అయిపోయాయి. నాదీ నేనే రాసుకున్నాను. అది చిన్నదే. పై అధికారి ఒకరు బెంగళూరు నుంచి వచ్చి నా కాగితాలు చూసి, ఇంత శుభ్రమైన పని ఎక్కడా చూడలేదన్నారు. ఈ మాట మీకు రాయాలని వారం నుంచి ఆగుతున్నాను.

అరుణ


కళింగపట్నం
2025 మార్చి 28

పాపా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నేను ఖిదిర్‌పూర్ డాక్‌లో పనిచేసేవాణ్ణని నీకు తెలుసు. ఏం పని అని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఓడ దగ్గర పనిచేసే గ్యాంగులను సరఫరా చేసే కంపెనీలో గుమస్తాను. ఒక్కో గ్యాంగుకి పదహారు మంది. కంటైనర్లు వచ్చాక ఒక సంవత్సరం మా కంపెనీ పెద్దాయన నన్ను పిలిచాడు. “గురువులూ, నువ్వు చక్కగా రాస్తావు. గ్యాంగులో ఎవడు ఎక్కడ నిలబడతాడో, ఏం చేస్తాడో, అడిగి రాసుకురా” అన్నాడు. నేను చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాను.

మూడు వారాలు రాశాను. గొలుసు ఎవరు వేస్తారు, కిందనుంచి సైగ ఎవరు చేస్తారు, ఎవరు ఊరికే నిలబడినట్టు కనిపిస్తారు, అలా నిలబడినవాడు నిజానికి ఏం కనిపెడుతుంటాడు. అంతా రాశాను. అందరికీ చదివి వినిపించాను. వాళ్ళూ సంతోషపడ్డారు. నాకు టీ పోయించారు.

పెద్దాయన అంతా చదివి, “అయితే తొమ్మిది మంది చాలన్నమాట” అన్నాడు.

నా కాగితంలో ఆ మాట ఎక్కడా లేదు. అయినా నా కాగితం చూసే అన్నాడు.

ఇకమీదట ఏది రాయమన్నా ఒంట్లో బాగాలేదని చెప్పు. ఇప్పటికే ఆలస్యమైందేమో తెలియదు.

యోగేశ్ కాగితంలో ఖాళీ నువ్వే పూర్తిచేశానన్నావు. దేనితో పూర్తిచేశావు?

గురువులు


గార్డెన్ రీచ్
2025 జూన్ 8, ఆదివారం

మావయ్యకు,

రెండు నెలలు జవాబు రాయలేదు. క్షమించండి.

దేనితో పూర్తిచేశానో చెబుతాను. రెండు ఓడల జాబితాలు ఒకేసారి వస్తే మా ప్రోగ్రాము నిలిచిపోతుంది. అప్పుడు ఆపి మళ్ళీ మొదలుపెట్టమని పుస్తకంలో ఉంది. అలా చేస్తే జాబితాలు కలిసిపోతాయి, పెట్టెలు వేరే ఓడకు పోతాయి. యోగేశ్ దాదా చేతిలో మాత్రం ఎన్నడూ కలవలేదు. అదెలాగో అతను ఆఫీసులో చెప్పలేదు. సాయంత్రం ఖిదిర్‌పూర్ బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు నేనే అడిగాను.

“మీ నాన్న అనీవోడు గదే, ఊగుతున్న సరుకుకి సెయ్యి అడ్డం ఎట్టకూడదని. ఇదీ అంతే. తెర మీద ఆకరి పెట్టె నంబరు ముందుకీ ఎనక్కీ ఊగుతా ఉంటాది. అది ఆగినదాకా ముట్టుకోకూడదు. పది నిమిషాలు పడతాది. అందరికీ తొందర. నాకు నేదు. అంతే ఇద్య.”

“రాయనా?”

“రాయకే తల్లీ. ఆ ఒక్కటీ నా దగ్గిరుండనీ.”

సరేనని తల ఊపాను.

వారం తర్వాత సునీల్ గారు కాగితాలు తిరగేస్తూ, “అన్నీ మంచిగున్నయి. ఈడ ఒక్కటే ఖాళీ. నీకు తెల్వదా?” అన్నారు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు పుట్టినప్పటినుంచీ వచ్చు. కానీ ఖాళీ ఉన్న కాగితం నా పేరుతో వెళ్ళడం నాకు నచ్చలేదు. విన్నది విన్నట్టు రాయాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. రాశాను. అది మాత్రం అతనికి చదివి వినిపించలేదు.

మే నెలంతా ఏఐని మాతోపాటు పెట్టి పరీక్షించారు. ఒక మధ్యాహ్నం రెండు జాబితాలు ఒకేసారి వచ్చాయి. అలవాటుగా అందరూ యోగేశ్ దాదా వైపు చూశారు. అతను కుర్చీ జరుపుకునేలోపే తెర మీద ఇంగ్లిషులో అక్షరాలు వచ్చాయి. ఊగడం ఆగేవరకు చేయి పెట్టవద్దు. చివరి పెట్టె నంబరు కదలడం మానాక మొదలుపెట్టండి.

అతను అది చదివాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆ రోజు బస్సులో వేరే సీటులో కూర్చున్నాడు.

తర్వాతి శుక్రవారం పదకొండు మందిని ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పిలిచారు. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. మిత్రా గారు బయటికొచ్చి టిఫిన్ డబ్బా మరిచిపోయానని మళ్ళీ లోపలికి వెళ్ళబోతే, తలుపు దగ్గర ఆయన కార్డు పనిచేయలేదు. ముగ్గురిని ఉంచారు. అందులో నేనొకదాన్ని. ఏఐ చెప్పే జవాబులు సరిచూడటం నా పని. శుభ్రంగా రాసినందుకు ఉంచారట.

నిన్న కొళాయి దగ్గర సింహాచలమ్మ అత్త అమ్మతో అంది.

“నీ గుంట మావోడి బుర్రంతా కాగితమ్మీద రాసి ఇచ్చీసినాదట గదమ్మా. నోట్లో నాలిక నేని పిల్ల అనుకున్నాం. నాలిక సేతిలో ఉన్నాది కాబోలు.”

అమ్మ బిందె సగంలోనే ఎత్తుకుని వచ్చేసింది.

అమ్మ ఇదంతా చెబుతుంటే నాన్న తినడం ఆపాడు. “మీ మావయ్యకి రాయి. ఇలాటిది ఎలగుంటాదో ఆయనకి బాగా తెల్సు” అన్నాడు. నాన్న నోట మీ మాట నేను వినడం అదే మొదటిసారి.

తొమ్మిది మంది చాలన్నారని రాశారు. తీసేసిన ఏడుగురిలో నాన్న ఉన్నాడా?

అరుణ


కళింగపట్నం
2025 జూన్ 21

అరుణకు,

ఉన్నాడు. మొదటి పేరు అతనిదే.

ఆ ఏడుగురి పేర్లు కూడా నన్నే రాయమన్నారు. గ్యాంగులో అందరికంటే పని తెలిసినవాడు మీ నాన్న వెంకటేశు. సరుకు ఊగుతున్నప్పుడు చేయి పెట్టకూడదన్న మాట అతను నాకు చెబితే, అదీ రాశాను. అతన్ని ఉంచాల్సింది. కానీ చెల్లెలి మొగుడు కదా, గురువులు తన బావను కాపాడుకున్నాడంటారని భయపడ్డాను. అందుకే అందరికంటే ముందు అతని పేరు రాశాను. న్యాయంగా ఉన్నానని అనిపించుకోవాలని రాశాను.

ఏడు పేర్లూ గ్యాంగు ముందు చదివి వినిపించాను. నా పద్ధతి కదా. మొదటి పేరు చదివి ఆగిపోయాను. వెంకటేశు నా వైపు చూసి, “ఔను గురువులూ. నా పేరే. తరవాత సదువు” అన్నాడు.

అప్పుడు మీ అమ్మ కడుపుతో ఉంది. నువ్వే.

తర్వాత నాలుగేళ్ళు నన్ను ఉంచారు. ఆ తర్వాత నన్నూ పొమ్మన్నారు. వెళ్ళేరోజు మీ గుమ్మం ముందునుంచి కాకుండా రేవు రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి బస్సెక్కాను. మళ్ళీ కోల్‌కతా రాలేదు. చెవులు వినబడవని అందరికీ చెప్పాను. మొదట్లో అంత వినబడకపోవడం ఏమీ లేదు. మీ నాన్న ఫోన్ ఎత్తుతాడేమోనని అలా చెప్పాను. ఇప్పుడు నిజంగానే వినబడదు.

నీకు ప్రేమతో తెలుగు నేర్పాననుకుంటున్నావు. ప్రేమ ఉంది. ఆ ఇంటికి నా చేతులతో ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలన్నది అంతకంటే ఎక్కువ ఉంది. ఏం ఇచ్చానో ఇప్పుడు చూస్తున్నాం కదా.

యోగేశ్ దగ్గరికి వెళ్ళు. నేను వెళ్ళలేదు.

నీ ఉత్తరం ఈసారి దిద్దలేదు. కలం చేతిలోకి తీసుకుని పెట్టేశాను.

గురువులు


గార్డెన్ రీచ్
2025 అక్టోబర్ 12, ఆదివారం

మావయ్యకు,

మీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. “ఔను” అన్నాడు. 

యోగేశ్ దాదా దగ్గరికి వెళ్ళమన్నారు. జూన్, జూలై, ఆగస్టు గడిచాయి. దుర్గాపూజ కూడా అయిపోయింది. వీధి చివర పందిరి వెదురుబొంగులు విప్పుతున్నారు. నేను వెళ్ళలేదు. ఆఫీసు పంపితే వెళ్ళాను.

బయటికి పంపిన అందరిచేతా ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. అతను పెట్టకుండానే వెళ్ళిపోయాడు. అది లేనిదే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వరు. ఆ సర్టిఫికెట్ లేనిదే ఇంకే కంప్యూటర్ ఆఫీసులోనూ గుమ్మం తొక్కనివ్వరు. ఉన్నా తొక్కనివ్వడం లేదనుకోండి. మిత్రా గారు నలభై చోట్ల అడిగారట. ఎక్కడ అడిగినా ఏఐ ఉందంటున్నారట. సునీల్ గారు నన్ను పిలిచి, “మీ ఇంటి పక్కనే కదా, నువ్వే తెచ్చెయ్” అన్నారు.

అతను ఇప్పుడు షాలిమార్‌లో, రైల్వే సరుకుల యార్డు పక్కన ఒక పార్సిల్ కంపెనీలో ఉన్నాడు. చేతిలో చిన్న యంత్రం పట్టుకుని మూటల మీది చీటీలకు దాన్ని చూపిస్తాడు. అది కూ అంటే మూట ముందుకు పోతుంది. అది కూ అనేదాకా నన్ను అక్కడే నిలబెట్టాడు.

“ఏటే, ఇక్కడికీ రాసుకోడానికే వచ్చినావా?”

కాగితం ఇచ్చాను. చూసి తిరిగి ఇచ్చేశాడు.

“సదువు. ఇంగ్లీషులో కాదు. మన లైన్లో సదివినట్టు సదువు.”

తెలుగు చేసి చదివాను. “ఈ పని గురించి నాకు తెలిసినదంతా కంపెనీకి ఇచ్చివేశాను. నా దగ్గర ఇంకేమీ మిగిలి లేదు.”

“ఇనబడనేదు. మళ్ళీ.”

మళ్ళీ చదివాను. మూటలు మోసేవాళ్ళు ఆగి చూశారు. భాష తెలియకపోయినా ఒకతను నవ్వాడు.

“ఔను,” అన్నాడు యోగేశ్ దాదా. “బాగా రాసినారు. ఏటీ వదల్నేదు.”

కలం తీసి ఇచ్చాను. తీసుకోలేదు. బల్ల మీద రబ్బరు ముద్రలు వేసే ఇంకు పెట్టె ఉంది. దాని మూత తీసి, ఎడమ బొటనవేలు అద్ది, సంతకం చోట నొక్కాడు. అప్పలకొండమ్మ నొక్కినట్టే, అటూ ఇటూ దొర్లించి.

“ఏటీ మిగల్నేదని రాసినారు గదా. మరి సంతకం మాత్రం ఎలగ మిగుల్తాది?”

“తప్పు నాది దాదా,” అన్నాను. ఈ మాట మీ ఉత్తరం అందిన రోజునుంచీ నోట్లోనే ఉంది.

“తెల్సు. అదీ రాసుకో. ఎవుడికో ఒకడికి పనికొస్తాది.”

యంత్రం మళ్ళీ కూ అంది. అతను తర్వాతి మూట వైపు తిరిగాడు.

సునీల్ గారు వేలిముద్ర చూసి, “ఇదేంది అరుణా? ఎంసీఏ చదివిండు కదా” అన్నారు.

“అదే ఆయన సంతకం సర్.”

 ఆయన దాన్ని స్కాన్ చేసి పైకి పంపారు. పైనుంచి ఎవరూ అడగలేదు. సర్టిఫికెట్ వచ్చింది. ఇవ్వడానికి వెళ్తే సింహాచలమ్మ అత్త చేతిలోకి తీసుకోలేదు. కొళాయి గట్టు మీద పెట్టి పొమ్మంది. తడి తగలకుండా కింద నా చేతిరుమాలు పరిచి పెట్టాను. సర్టిఫికెట్ తీసుకుంది. రుమాలు అక్కడే ఉంది.

నా ఉద్యోగం ఇంకా ఉంది. పోయిన సోమవారం నుంచి నా తెర మూలన ఒక చిన్న చుక్క వెలుగుతోంది. ఏఐ చెప్పిన జవాబులను నేను ఎలా సరిచూస్తున్నానో, ఎక్కడ ఆగుతున్నానో, ఏ మాట మారుస్తున్నానో అంతా అది రాసుకుంటోంది. నన్నేమీ అడగదు. చివర చదివి వినిపించదు.

యోగేశ్ దాదా వేలిముద్ర వేసిన కాగితానికి జిరాక్సు తీయించి దీనితో పంపుతున్నాను. మూడుసార్లు చూశాను. నాకు ఒక్క తప్పూ కనబడలేదు. మీరూ చూడండి. ఎర్ర సిరాతో దిద్దగలిగింది ఏదైనా ఉంటే, దిద్ది పంపండి.

అరుణ